ఎన్‌హెచ్ 44 మీద బెంగళూరు నుంచి చండీగఢ్: దారి పక్క వింతల్లో దేనికి ఆగాలి, దేన్ని వదలాలి?

హెబ్బాళ్_హైవే
నవంబరు మొదటి వారంలో బెంగళూరు నుంచి చండీగఢ్ దాకా కారులో పోతున్నాం. ఎన్‌హెచ్ 44 పట్టుకుంటే సుమారు 2,400 కిలోమీటర్లు. పోవడానికి తొమ్మిది రోజులు పెట్టుకున్నాం. మేమిద్దరం, పదేళ్ళ పాప, 68 ఏళ్ళ నాన్నగారు. చార్మినార్ లాంటివి అందరికీ తెలిసినవే. మాకు కావలసింది దారి పక్క వింతలు: వేలాడే స్తంభం, పెరిగే నంది, చెత్తతో కట్టిన తోట, ఇలాంటివి. నెట్‌లో జాబితాలు చూస్తే ఒళ్ళు మండుతోంది. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నవే అన్నీ. "హైవేకి దగ్గరే" అంటారు, ఎంత దగ్గరో చెప్పరు. ఎంతసేపు పడుతుంది, పెద్దవాళ్ళు నడవగలరా, ఏ పూట వెళ్ళాలి, ఇవి ఒక్కరూ రాయరు. ఇప్పటికి 31 చోట్లు గుర్తుపెట్టాను. ఎన్ని తీసెయ్యాలి?

మారతహళ్ళి_మ్యాప్స్
20 తీసెయ్యండి. లెక్క చెప్తాను. రోజుకి 270 కి.మీ. అంటే భోజనం, టీ, టోల్ కలుపుకుని ఆరు గంటలు రోడ్డు మీదే. చీకటి పడ్డాక నడపకూడదనుకుంటే చేతిలో మిగిలేది నాలుగు గంటలు. హైవే మీద గంటకి 80 పోయే బండి పల్లె రోడ్డెక్కితే 35 దాటదు. 15 కి.మీ. పక్కకి వెళ్తే పోను 25 నిమిషాలు, రాను 25. పార్కింగు, చెప్పులు, టికెట్టు, చూడటం కలిపి ముప్పావు గంట. మ్యాప్‌లో గోరంత దూరం చేతిలో గంటన్నర తినేస్తుంది. రోజుకి రెండు చోట్లు. రోడ్డుని ఆనుకునే ఉంటే మూడోది.

గుత్తికోట_సీమ
మ్యాప్స్ అన్న లెక్క కరెక్టే గానీ ఒకటి మర్చిపోయినాడు. పొయ్యిన దావనే ఎనక్కి రావద్దండి. ఒకచోట హైవే దిగి ఇంకోచోట ఎక్కేటట్ల ఏసుకోండి, అప్పుడు టైము సగం కలిసొస్తాది. లేపాక్షికి కొడికొండ చెక్‌పోస్టు కాడ ఎడమకి తిరిగితే 15 కి.మీ. సూసుకోని మళ్ళీ కొడికొండకే రావాల్సిన పని లేదు. అట్నే హిందూపురం మీంద పెనుకొండ చేరి హైవే ఎక్కండి. పెనుకొండలో కుంభకర్ణుడు ఎట్లా సూడాల్సిందే కదా.

హెబ్బాళ్_హైవే
కుంభకర్ణుడా? నా 31లో లేడు.

గుత్తికోట_సీమ
అయ్యో, పాపను తీస్కపోతా ఆయప్పను వదిలేస్తారా! పెనుకొండ కొండ కింద తోటలో ఎల్లెలకల పండుకోని ఉంటాడు, నూరడుగులకు పైనే పొడుగు. మీంద ఎక్కి లేపను పాట్లు పడే రాక్షసుల బొమ్మలు. కడుపు గుహ మాదిరి బోలుగా ఉంటాది, లోపలికి పొయ్యి చూడొచ్చు. అర్ధగంట చాలు. మెట్లు లేవు కాబట్టి నాయనకి ఇబ్బంది లేదు. మిట్టమధ్యాన్నం మాత్రం వద్దు, సిమెంటు కాలిపోతాంటాది.

ఉషోదయం_యలహంక
పెద్దాయన, పాప ఉన్నారు కాబట్టి లేపాక్షి గురించి. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగడం అందరూ చేసేదే, దానికి పావుగంట. ఆ స్తంభం పూర్తిగా గాల్లో లేదు, ఒక మూల నేలకి తగులుతుంది. పాపకి ముందే చెప్పి, ఏ మూల తగులుతుందో తననే వెతకమనండి. అసలు చూడాల్సింది పైకప్పు. విజయనగర కాలపు రంగుల బొమ్మలు, చీరల అంచులు ఒక్కొక్కటి ఒక్కో రకం. మెడ నొప్పి పుడుతుంది, నాన్నగారిని గోడకి ఆనుకుని కూర్చోబెట్టండి. ఏకశిలా నంది గుడి లోపల ఉండదు, కొంచెం దూరంలో రోడ్డు పక్కన విడిగా ఉంటుంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. గుడిలో వెతికి వెతికి నంది లేదని తిరిగొచ్చేసేవాళ్ళున్నారు.

ఇంకో మాట. ఏ గుడికైనా కారులో రెండేసి జతల మందపాటి సాక్సులు పెట్టుకోండి. పదకొండు దాటితే బండలు కాలుతాయి, వట్టి కాళ్ళతో పిల్లలు ఐదు నిమిషాలు నిలబడలేరు.

మారతహళ్ళి_మ్యాప్స్
నా మాట వింటే లేపాక్షి ఈ ట్రిప్పులో వద్దు. బెంగళూరు నుంచి 120 కి.మీ., ఏ ఆదివారమైనా తెల్లారి వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. మొదటి రోజు ఉదయం అత్యంత విలువైన టైము. హెబ్బాళ్ ఫ్లైఓవర్ ఐదింటికి దాటి, ఆ పూట దూరం కొట్టెయ్యాలి.

గుత్తికోట_సీమ
ఒప్పుకుంటా. కదిరి కాడ తిమ్మమ్మ మర్రిమానుకీ అదే మాట. ఈసారికి వదిలెయ్యండి, హైవే నుంచి పొయ్యొచ్చేకే అర్ధదినం. గానీ జాబితాలోంచి కొట్టెయ్యొద్దు, ఇంకో ఆదివారానికి రాసుకోండి. 1989లో గిన్నిస్‌కెక్కిన మాను. ఐదెకరాలకు పైన నీడ, ఊడలు వెయ్యికి పైన. కింద నిలబడితే యాది మొదలో యాది ఊడో తెలీదు.

పాలమూరు_పోరడు
మర్రిచెట్టే కావాలంటే మా పిల్లలమర్రి ఉంది కదన్నా, దారిలనే. సీమ అన్న చెప్పినట్టు తిరిగి రాకుండా పోవచ్చు. భూత్పూర్ కాడ హైవే దిగు, మహబూబ్‌నగర్ చూస్కొని జడ్చర్ల కాడ ఎక్కు. అదనంగ పది, పన్నెండు కిలోమీటర్లు, అంతే. చెట్టు టౌనుకు నాలుగు కిలోమీటర్లు. మూడెకరాల మీద పరుచుకొని ఉంటది, ఏడు వందల ఏండ్లదని అంటరు.

గుత్తికోట_సీమ
మూడెకరాలేడ, ఐదెకరాలేడ తమ్ముడూ.

పాలమూరు_పోరడు
సైజు మాట కాదన్నా. ఈ చెట్టును బతికించిన తీరు చూడాలె. 2017 డిసెంబరుల ఓ పెద్ద కొమ్మ విరిగి పడ్డది. లోపల మొత్తం చెద. చెదమందు సీసాలల్ల నింపి, దవాఖానల సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు వందల సీసాలు కట్టి చుక్కచుక్క ఎక్కించిన్రు. ఊడలు భూమిల దిగేదాంక పైపులల్ల మట్టి నింపి దారి చూపిన్రు, వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు కట్టిన్రు. ఇప్పుడు చెట్టు కిందికి పోనియ్యరు, దూరం నుంచే చూడాలె. ఊడలు పట్టుకొని ఊగుదామని పాపకు చెప్పి తీస్కపోతే ఏడుస్తది, ముందే చెప్పున్రి.

హెబ్బాళ్_హైవే
సరే, మర్రి అంటే పిల్లలమర్రే. యాగంటి నంది, బెలుం గుహలు మాత్రం వదలలేను. రెండింటికీ ఒకే రోజు కుదురుతుందా?

గుత్తికోట_సీమ
కుదురుతాది. గుత్తి కాడ ఎన్‌హెచ్ 67 పట్టుకోని తాడిపత్రి, ఆడి నుంచి బెలుం, బనగానపల్లె, యాగంటి, ఓర్వకల్లు, కర్నూలు. కర్నూల్లో మళ్ళీ 44 ఎక్కుతారు. నేరుగా పొయ్యేదానికన్నా వంద కి.మీ. పైన ఎక్కువ, దినమంతా దీనికే. ముందు రాత్రి గుత్తిలోనో తాడిపత్రిలోనో ఆగితే బెలుం తెరిచే టైముకి ఆడుంటారు. టూరు బస్సులు పదకొండు నుంచి వస్తాయి.

బెలుం 3,229 మీటర్ల గుహ. దాంట్లో సుమారు ఒకటిన్నర కి.మీ. చూడనిస్తారు. పైనుంచి సూస్తే చేన్ల మధ్య ఒక బొక్క, అంతే. మెట్లు దిగినాక లోపల ఉక్క. గాలి పంపను గొట్టాలేసినారు, అయినా ఒళ్ళంతా చెమటే. అన్నిటికన్నా లోతు పాతాళగంగ, 46 మీటర్ల అడుగున. ఆడికి మెట్లు నిటారుగా ఉంటాయి, తడిగా ఉంటాయి. నాయనను దాని పైనే ఆపండి. రబ్బరు చెప్పులొద్దు, జారుతాయి. ఫోను, కెమెరా ఏసీ కార్లోంచి నేరుగా తీస్కపోతే లెన్సుకు ఆవిరి పట్టి పావుగంట ఏమీ కనపడదు. తాడిపత్రి దాటినప్పటి నుంచే ఏసీ ఆపేసి అద్దాలు దించుకోండి.

స్టెప్నీ_కేఏ51
తాడిపత్రి, కొలిమిగుండ్ల, బనగానపల్లె రోడ్డు అంటే నాపరాయి లారీల రోడ్డు. బండల ముక్కలు రాలి ఉంటాయి, అంచులు కత్తుల్లాగుంటాయి. రోడ్డు వారకి దిగకండి, ఎదురుగా లారీ వస్తే నిదానించి తారు మీదే ఉండండి. పంక్చర్ కిట్టు, చిన్న ఎయిర్ పంపు లేకుండా ఆ చుట్టు తిరగొద్దు.

ట్యూబ్‌లెస్‌కి పట్టీ వేసే పద్ధతి. మేకు ఏ వాలులో దిగిందో చూసుకుని, లాగి, ఆకురాయి సూదిని అదే వాలులో పది పన్నెండు సార్లు ఆడించాలి. నిటారుగా గుచ్చితే లోపలి తీగలు తెగి రంధ్రం పెద్దదవుతుంది. పట్టీని సూదిలో సగానికి దూర్చి, రెండు కొసలు సెంటీమీటరు బయట ఉండేదాకా నొక్కి, సూదిని ఒక్క ఊపున లాగాలి. నెమ్మదిగా లాగితే పట్టీ కూడా వచ్చేస్తుంది. బయట మిగిలింది మూడు మిల్లీమీటర్లు ఉంచి కోసి, సబ్బునీళ్ళు పోసి బుడగలు చూడాలి. టైరు పక్క గోడకి పడితే పట్టీ పనికిరాదు, స్టెప్నీ మార్చడమే. బెంగళూరు రాయి కోత పక్క గోడకే ఎక్కువ పడుతుంది, కాబట్టి బయల్దేరే ముందు స్టెప్నీలో గాలి చూసుకోండి.

గుత్తికోట_సీమ
స్టెప్నీ అన్నా, బెంగళూరు రాయి కాదు, బేతంచెర్ల రాయి అను.

స్టెప్నీ_కేఏ51
అవును, అదే. బేతంచెర్ల. గాలి గురించి ఇంకొకటి. బెంగళూరు చల్లటి ఊరు. తెల్లారి ఇక్కడ పట్టిన గాలి మధ్యాహ్నం కర్నూలు ఎండలో నాలుగైదు పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది. అది మామూలే, వేడి టైరులోంచి గాలి తీసెయ్యకండి. మర్నాడు చల్లారాక తక్కువైపోయి టైరు అంచులు అరుగుతాయి. రోజూ పొద్దున బండి కదలక ముందే చూడాలి. నలుగురు, సామాను ఉన్నారు కాబట్టి డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీద ఫుల్‌లోడ్ అంకె ఎంతుంటే అంత.

ఉషోదయం_యలహంక
యాగంటికి సాయంత్రం వెళ్ళండి. నంది పెరుగుతోందని పక్కనున్న స్తంభాన్ని తీసేశారు, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసిన చోట ఇప్పుడు మనిషి పట్టడు. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం. ఊళ్ళో కాకులు వాలవంటారు, అగస్త్యుడి శాపమని. పాపకి కాకుల్ని లెక్కపెట్టే పని అప్పజెప్పండి. కోనేటి నీళ్ళు కొండలోంచి వస్తాయి, ఏడాది పొడవునా ఆగవు. కోనేరు నాన్నగారికి నచ్చుతుంది. పైన గుహల మెట్లు మాత్రం ఎత్తుగా ఉంటాయి, ఆయనకి వద్దు.

టోల్‌గేట్_లెక్కలు
ఎవరూ టోల్ మాట ఎత్తలేదు. ఫాస్టాగ్ వార్షిక పాసు తీసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మొదలుపెట్టినప్పుడు ధర 3,000 రూపాయలు. సొంత కారు, జీపు, వ్యాన్లకే. ఒక్కో ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. చెల్లేది జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్)కి, ఆగ్రా దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వేకి చెల్లదు, అక్కడ మామూలుగానే డబ్బు పోతుంది, ట్యాగ్‌లో నిల్వ ఉంచండి. ట్యాగ్ బండి నంబరుతో నమోదై ఉండాలి. ఛాసిస్ నంబరుతోనే తీసుకున్న కొత్త బండ్ల ట్యాగ్‌కి పాసు రాదు, ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

పాసు లేనివాళ్ళకి: అదే ప్లాజాకి 24 గంటల్లో తిరిగొస్తే పోను రాను కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. మలుపు తప్పి వెనక్కి రావలసినప్పుడు ఇది పనికొస్తుంది. హైవే మీద ఎదురు దారిలో వెనక్కి మాత్రం రాకండి, యూటర్న్ ఎంత దూరమైనా సరే.

హెబ్బాళ్_హైవే
హైదరాబాద్‌లో ఊళ్ళోకి పోవాలా వద్దా? సుధా కార్ మ్యూజియం జాబితాలో ఉంది.

పాలమూరు_పోరడు
పోవాలె. బహదూర్‌పుర, జూపార్కు పక్కనే. బ్యాటు, బూటు, బర్గరు, కమోడు ఆకారంల కార్లు, అన్నీ నడిచే బండ్లే, తుక్కు సామానుతోని చేసినవి. 41 అడుగుల ఏడంగుళాల మూడు చక్రాల సైకిలుకు 2005ల గిన్నిస్ వచ్చింది. శంషాబాద్ దాటినంక ఆరాంఘర్ మీద నుంచి పోతే పదింటికల్లా ఉండచ్చు. గంట చాలు. సాయంత్రం ఆ రోడ్డు మీద జామైతే కదలవు.

ఉషోదయం_యలహంక
చిలుకూరు వీసా బాలాజీ ఓఆర్‌ఆర్‌కి దగ్గరే, అప్పా జంక్షన్ దగ్గర దిగాలి. కోరికకి 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ లేదు. శని, ఆదివారాలు తప్పించండి.

సున్నా_సర్వే
అందరూ తెలుగు నేల దగ్గరే ఆగిపోయారు. ఈ రోడ్డు మీద రెండు సున్నాలున్నాయి, అవి చూడకుండా వెళ్ళకండి.

మొదటిది నాగ్‌పూర్ జీరో మైల్. 1907లో సర్వే వాళ్ళు నిలబెట్టిన ఇసుకరాతి స్తంభం, పక్కన నాలుగు గుర్రాల బొమ్మలు. దేశానికి నట్టనడుమ అని గైడ్లు చెప్తారు. రాయి మీద చెక్కింది చదవండి: సముద్రమట్టానికి 1020.171 అడుగుల ఎత్తు. అడుగులో వెయ్యోవంతు దాకా తేల్చారు! కింద పీఠం మీద ఊళ్ళకి మైళ్ళు ఉన్నాయి, హైదరాబాద్‌కి 318. పాప చేత 1.609తో గుణించమని, మీ ఓడోమీటరుతో పోల్చమనండి. తేడా వస్తుంది, ఆనాటి దారి వేరు. సివిల్ లైన్స్‌లో విధాన్ భవన్ దగ్గర, ఆదివారం ఉదయం అయితే రోడ్డు ఖాళీ. ఇరవై నిమిషాలు.

రెండోది గ్వాలియర్ కోట దారిలో చతుర్భుజ్ గుడి. ఒకే రాతిలో తొలిచిన చిన్న గుడి. క్రీ.శ. 876 నాటి శాసనంలో పూలతోట కొలత 187 మూరలు, 270 మూరలు అని అంకెల్లో ఉంది. ఆ 270 చివరి సున్నా మన సున్నాలాగే గుండ్రంగా, పక్క అంకెల కన్నా కొంచెం చిన్నదిగా ఉంటుంది. ప్రపంచమంతా వాడే సున్నా, ఒక దేవుడి పూలతోట కొలత రాయడానికి చెక్కారు. జనం ఎక్కడ తప్పుతారంటే, కార్లు పడమటి ఉర్వాయి ద్వారం నుంచి పైకి పోతాయి. ఈ గుడి తూర్పున గ్వాలియర్ ద్వారం నుంచి ఎక్కే నడకదారిలో ఉంది. కారులో పైకెక్కినవాళ్ళకి కనపడదు. కింద గూజరీ మహల్ దగ్గర బండి పెట్టి నడవండి. దారి ఏటవాలు, రాళ్ళు నున్నగా ఉంటాయి, నాన్నగారు మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. తలుపు వేసి ఉంటే కాపలా మనిషిని అడగండి. టార్చిని ఎదురుగా కాక పక్కనుంచి కొట్టండి, అప్పుడే నీడ పడి అంకెలు తేలతాయి.

మారతహళ్ళి_మ్యాప్స్
సున్నా గారూ, ఇది నా జాబితాలో కూడా లేదు. కర్కట రేఖ బోర్డు ఈ దారిలో ఎక్కడ?

సున్నా_సర్వే
ఫొటోల్లో కనిపించే బోర్డు భోపాల్, విదిశ రోడ్డు మీదది, మన దారిలోది కాదు. 44 మీద నర్సింగ్‌పూర్, సాగర్ మధ్య దేవరీ దాటాక రేఖ వస్తుంది. బోర్డు కోసం వెతకొద్దు. ఫోన్లో అక్షాంశం చూపించే యాప్ తెరిచి పాప చేతికివ్వండి, 23.436 దగ్గర కేకెయ్యమనండి. భూమి అక్షం వాలు మారుతుండటంతో ఆ రేఖ ఏడాదికి దాదాపు 15 మీటర్లు దక్షిణానికి జరుగుతోంది. పాత రాళ్ళన్నీ అందుకే తప్పుతాయి.

స్టెప్నీ_కేఏ51
దానికి ముందు నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి. మన్సర్, ఖవాసా మధ్య రోడ్డుని వంతెనల మీదకెత్తి కింద జంతువులకి దారి వదిలారు. తొమ్మిది చోట్ల, పెద్దది 750 మీటర్లు. అదే వింత, కానీ ఆగి చూసేది కాదు. వంతెన మీద బండి ఆపకండి, హారన్ కొట్టకండి. అద్దాలు దించి నిదానంగా పోతే చాలు.

పాలమూరు_పోరడు
నాగ్‌పూర్‌కు ముందు నిర్మల్ కూడ. పొనికి చెక్క బొమ్మ ఒకటి చేతిలకు తీస్కొని చూడున్రి, బెండులెక్క తేలిగ్గ ఉంటది. అతుకులకు చింతగింజల జిగురుల రంపపు పొట్టు కలిపి పెడ్తరు. బొమ్మ వెనక్కి తిప్పి, అతుకు కాడ గోరుతోని మెల్లగ రాస్తే గరుకు తెలుస్తది. గరుకు లేకుంటే అచ్చుల పోసిన బొమ్మ.

టోల్‌గేట్_లెక్కలు
నవంబరు కాబట్టి ఢిల్లీ గురించి. కాలుష్యం ముదిరి ఆంక్షలు పెట్టిన రోజుల్లో ఢిల్లీలో, చుట్టుపక్కల జిల్లాల్లో బీఎస్3 పెట్రోలు, బీఎస్4 డీజిల్ (పాత పొగ ప్రమాణాల) కార్లు ఆపేస్తారు. మీది ఏదో ఆర్‌సీలో చూసుకోండి. ఎలాగూ ఊళ్ళోకి పోనక్కర్లేదు, పల్వల్ దగ్గర ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కుండ్లీలో దిగితే మళ్ళీ 44. అది జాతీయ ఎక్స్‌ప్రెస్‌వే, పాసు చెల్లుతుంది. పడమటి వైపు కేఎంపీ ఎక్స్‌ప్రెస్‌వే హర్యానా ప్రభుత్వానిది, చెల్లదు. బండి ఆగిపోతే హైవే సహాయ నంబరు 1033కి ఫోన్ చెయ్యండి. ఎక్కడున్నారని అడిగితే ఊరి పేరు కాదు, పసుపు తలకట్టు రాయి మీది కిలోమీటరు అంకె చెప్పండి.

సున్నా_సర్వే
కుండ్లీ దాటాక పాపకి ఇంకో పని. పానిపట్టు, కర్నాల్, కురుక్షేత్ర వైపు రోడ్డు పక్క పొలాల్లో కోస్ మీనార్లు కనపడతాయి. ఇటుక, సున్నంతో కట్టిన 30 అడుగుల బురుజులు, కింద సగం ఎనిమిది పలకలు, పైన గుండ్రం. మొగలుల కాలపు మైలురాళ్ళు, కోసుకొకటి, అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు.

ఉషోదయం_యలహంక
చివర చండీగఢ్ రాక్ గార్డెన్‌కి కనీసం మూడు గంటలు ఉంచండి, అందరూ గంటలో పరుగెత్తి వస్తారు. నేక్‌చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పడగొట్టిన ఊళ్ళ శిథిలాలు ఏరి, 1957 నుంచి అడవిలో ఎవరికీ తెలియకుండా కట్టుకుంటూ పోయాడు. 1976లో జనానికి తెరిచారు. బొమ్మల దగ్గరికి వెళ్ళి చూడండి. ఒంటికి పగిలిన గాజుల ముక్కలు, గోడలకి విరిగిన కరెంటు సాకెట్లు, వాష్‌బేసిన్ల ముక్కలు. గాజులు రంగుల వారీగా వరసలు తీరి ఉంటాయి, ఎరుపు వరస దగ్గర నిలబడితే అవి ఎన్ని చేతులు వేసుకుని వదిలినవో అనిపిస్తుంది. దారులు ఇరుకు, గుమ్మాలు పొట్టివి. నాన్నగారు పొడవైతే తల జాగ్రత్త.

హెబ్బాళ్_హైవే
31 కాస్తా 12కి వచ్చాయి. కుంభకర్ణుడు, బెలుం, యాగంటి, పిల్లలమర్రి, సుధా కార్లు, నిర్మల్, జీరో మైల్, కర్కట రేఖ, గ్వాలియర్ సున్నా, మొరేనా దగ్గర మితావలీ చౌసఠ్ యోగినీ గుడి, కోస్ మీనార్లు, రాక్ గార్డెన్. లెక్క ప్రకారం ఏడో రోజు శుక్రవారం ఆగ్రాలో తేలుతాం. ఇంత దూరం వచ్చాక నాన్నగారికి తాజ్ చూపించకుండా పోలేను.

మారతహళ్ళి_మ్యాప్స్
శుక్రవారం తాజ్ మూత. మితావలీని ఆ రోజుకి జరపండి. గుండ్రటి గుడి, లోపల వరసగా 64 గదులు, గుట్ట ఎక్కడానికి వంద మెట్ల దాకా. అక్కడి పల్లె రోడ్లు నిదానం కాబట్టి దానికి పూటంతా ఇచ్చి, పక్కనే బటేశ్వర్ గుళ్ళ గుంపు కూడా కలపండి. రాత్రికి ఆగ్రా, శనివారం సూర్యోదయానికి తాజ్ గేటు దగ్గర ఉండండి. పది గంటలకల్లా మళ్ళీ రోడ్డెక్కొచ్చు.

హెబ్బాళ్_హైవే
అలాగే మార్చాను. గుట్ట ఎక్కలేకపోతే నాన్నగారు కింద కూర్చోవడానికి నీడ ఉంటుందా?

ఉషోదయం_యలహంక
దాన్ని నమ్ముకోవద్దు. మడత కుర్చీ, గొడుగు డిక్కీలో వేసుకోండి. బెలుం దగ్గర పాతాళగంగ పైన ఆగేటప్పుడూ ఆ కుర్చీయే పనికొస్తుంది.